ఈసారి నవ్వులపాలయ్యేది ఎవరు?

చలికాలం రాగానే మా నెల్లూరు తీరానికి రెండు రకాల అతిథులు దిగుతారు. ఒక రకం నేలపట్టులో కడప చెట్ల మీదా, పులికాట్ నీళ్ళలోనూ వాలుతుంది. రెండో రకం మిషన్ బళ్ళలో వాలుతుంది. రెండు రకాలూ ఎండలు ముదరకముందే తిరుగుముఖం పడతాయి. చూడ్డానికి జనం పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, సెల్‌ఫోన్లు పైకెత్తుతారు, ఏం తింటాయో ఆరా తీస్తారు. తేడా ఒక్కటే. గూడబాతును ఎవరూ ఆదివారం వేదిక ఎక్కించి, మైకు చేతికిచ్చి, రెండు ముక్కలు మాట్లాడమని అడగరు.

ఈ రెండో రకం అతిథిని వాలంటీరు అంటారు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో సొంత ఖర్చు మీద వచ్చి, జీతం లేకుండా, మన పిల్లలకు ఇంగ్లిషు నేర్పి పోతారు. 2019 తర్వాత ఈ మాటతో మా ఊళ్ళో పెద్ద చిక్కొచ్చింది. రాష్ట్రమంతా గ్రామ వాలంటీర్లు వచ్చి, ఒకటో తారీకున తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టే రోజులవి. మా మిషన్ బడికి ఆస్ట్రేలియా నుంచి వాలంటీరు వచ్చిందని తెలిసి, జాలర్ల పట్టపుపాళెం అవ్వలు నలుగురు పింఛను పుస్తకాలతో బడి గేటు దగ్గర కూర్చున్నారు. ఈ పిల్ల డబ్బులివ్వదు, ఇంగ్లిషు ఇస్తుందని చెప్పి పంపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "ఇంగ్లిషు మాకెందుకు నాయనా, వేలిముద్ర వేయించుకోమను" అని ఒక అవ్వ బొటనవేలు చాపింది కూడా.

నేను ఆ బళ్ళో తెలుగు అయ్యవారిని. అయినా వాలంటీర్ల వెంట తిరిగే పని నాకే పడేది. ఎందుకంటే మా ఇంగ్లిషు మాస్టారికి సరిగ్గా వాళ్ళు దిగే రోజునే జ్వరం తగిలేది. వ్యాకరణంలో ఆయనకు సాటి వచ్చేవాడు మా మండలంలో లేడు. పిల్లలకు డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ నిద్రలో అడిగినా చెప్పేట్టు చేశాడు. కానీ తెల్లమనిషి ఎదురుగా నిలబడి 'హౌ ఆర్ యూ' అంటే, ఆ వాక్యాన్ని ఇంటరాగేటివ్ అని గుర్తుపట్టగలడు గానీ జవాబు చెప్పలేడు. పిల్లల ముందు నోరు జారితే ఇన్నేళ్ళ మర్యాద మట్టిలో కలుస్తుందని ఆయన భయం. అందుకని జ్వరం. నాకు ఆ బెంగ లేదు. తెలుగు అయ్యవారికి ఇంగ్లిషు రాకపోవడం ఒక గౌరవం కింద లెక్క.

వాలంటీరు వచ్చిందంటే మొదటి పాఠం బడి నడిపే మా కరస్పాండెంటుకే, అదీ పోలీస్ స్టేషన్లో. విదేశీయుడికి బస ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో ఫారం దాఖలు చేయాలి. పేరు, పాస్‌పోర్టు, వీసా, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోతారు అన్నీ రాయాలి. రాసినదంతా చదివి కానిస్టేబులు ఒక మాట అడిగాడు. "ఇంగ్లిషు చెప్పేదానికి అంత దూరం నుంచి రావాల్నా సార్? మా బావమరిది బెంగళూరులో ఉండాడు. వాడూ మాట్లాడతాడు, టిఫిను పెడితే చాలు." ప్రశ్నలో న్యాయం ఉంది. మా కరస్పాండెంటు దగ్గర జవాబు లేదు. టిఫిను విషయం మాత్రం గుర్తు పెట్టుకున్నాడు.

తర్వాతి చిక్కు వీసాతో. ఈ-టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు డబ్బు తీసుకోకుండా నెల లోపు చిన్నపాటి సేవ చేయొచ్చు గానీ మతబోధ చేయకూడదు. గుడికైనా చర్చికైనా పోవచ్చు, కూర్చోవచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు. ప్రసంగం పనికిరాదు. ఈ సంగతి మా పాస్టరుగారికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఒక ఆదివారం ఆరాధనలో లేచి, "ఇప్పుడు అమ్మగారు దైవవాక్యం అందిస్తారు" అన్నాడు. వెనక నుంచి కరస్పాండెంటు "వాక్యం కాదు, వందనాలు! వందనాలు మాత్రమే!" అని అరిచాడు. వాలంటీరు పిల్ల లేచి, నవ్వి, "గుడ్ మార్నింగ్" అని కూర్చుంది. పాస్టరుగారు దాన్ని తర్జుమా చేయడానికి ముప్పావుగంట తీసుకున్నారు. అందులో ఆదికాండం వచ్చింది, సొదొమ గొమొర్రా వచ్చాయి, సంఘానికి రావాల్సిన పాత బకాయిలూ వచ్చాయి. ఇంగ్లిషు ఎంత క్లుప్తమైన భాషో ఆ రోజు మా ఊరివాళ్ళకు తెలిసొచ్చింది.

ఇదంతా ఇప్పుడు కొత్తగా మొదలైన తంతు అనుకునేరు. తెల్లవాళ్ళు ఈ తీరానికి వచ్చి మాటలు పోగొట్టుకోవడం మొదలై రెండు వందల ఏళ్ళు కావస్తోంది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు దొర 1836లో మన దేశం చేరి, విశాఖపట్నం, మద్రాసు అన్నీ తిరిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఇప్పటి వాలంటీరుకూ ఆయనకూ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఆయన నోరు విప్పాలంటే ముందు తెలుగు రావాలి. మునుషీని కుదుర్చుకోవాలి, అక్షరాలు దిద్దాలి, ళకూ లకూ తేడా చూపించడానికి నాలుకను మడతపెట్టాలి. తర్వాతి కాలంలో కొత్తగా వచ్చిన మిషనరీలకు తెలుగులో పరీక్షలు కూడా పెట్టేవారు. పంతులు దగ్గర గ్రాంథికం వల్లించి, నేరుగా బజారుకు పోయి, 'మీరు ఎచటికి పోవుచున్నారు' అని గొర్రెలు తోలుకుపోయేవాడిని అడిగితే ఏమై ఉంటుందో ఊహించడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు. గొర్రెలు కూడా ఆగి చూసి ఉంటాయి.

అంత కష్టపడినా లాభం కనపడలేదు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో ఇంకోసారి పెద్దలు కూర్చుని తలలు పట్టుకున్నారు. గోడమీద పటంలో బర్మా నిండా చుక్కలుంటే, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. దాన్నిబట్టే దీనికి 'లోన్ స్టార్' మిషన్ అని పేరొచ్చింది. డే తర్వాత వచ్చిన లైమన్ జ్యూవెట్ మాత్రం పట్టు వదలలేదు. జబ్బుపడి అమెరికా వెళ్ళిన ఆయన, మీరు మూసేసినా నేను నెల్లూరుకే పోతానని భీష్మించాడు. అయితే నిన్ను పూడ్చిపెట్టడానికైనా ఇంకొకణ్ణి తోడు పంపాలి కదా అన్నాడట మిషన్ కార్యదర్శి. అలా తోడు వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు చేరాడు, మరుసటి ఏడు ఒంగోలు వెళ్ళాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంత స్పష్టమైన జాబ్ డిస్క్రిప్షన్ ఇచ్చిన సంస్థ నాకు ఇంకోటి కనపడలేదు. ఆయన ఆ పని తప్ప మిగతావన్నీ చేశాడు. జ్యూవెట్ అటు తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతికి, తెలుగు బైబిలును దిద్దే పనిలో కూర్చున్నాడు.

ఈ క్లౌ దొర కథలో ఇంగ్లిషు మాస్టార్లందరూ చదవాల్సిన భాగం ఒకటుంది. ఒంగోలులో పెద్ద కులాలవాళ్ళు వచ్చి మా పిల్లలకు బడి పెట్టమన్నారు. పెట్టాడు. ఆ పిల్లలు రావడమూ, చదవడమూ బాగానే సాగింది. అటు మాదిగ పల్లెల నుంచి జనం బాప్తిస్మానికి రావడం మొదలయ్యేసరికి, వాళ్ళ పక్కన కూర్చోలేమంటూ బడి ఖాళీ చేసి వెళ్ళిపోయారు. దొర తన దగ్గర చదువుకోవడానికి వచ్చినవాళ్ళను వదులుకుని, తనను అడక్కుండానే వచ్చినవాళ్ళతో ఉండిపోయాడు. వాళ్ళలో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఉన్నాడు. పేరయ్యకు ఇంగ్లిషు రాదు, గ్రాంథికమూ రాదు. పల్లె పల్లెకూ నడిచి, పల్లెలో మాట్లాడే తెలుగులో మాట్లాడాడు. దొరల తెలుగు ఏళ్ళ తరబడి చేయలేని పని ఆయన మాట చేసింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. ఆ కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకుంటే, నీళ్ళలో దిగి ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులే. దొర ఒడ్డున ఉన్నాడు. పని ఎవరి భాషలో జరుగుతోందో తెలుసుకున్న మేనేజరు చేయాల్సింది అదే.

అప్పటి నెల్లూరు జిల్లాకు దక్షిణాన ఇంకా తమాషా. నాయుడుపేట వైపు 1865లో వచ్చినవాళ్ళు హెర్మన్స్‌బర్గ్ మిషన్ జర్మన్లు. వాళ్ళకూ ఇంగ్లిషు పరాయి భాషే. ఇంగ్లిషు విషయంలో నాయుడుపేట వాళ్ళతో సమాన హోదాలో దిగిన తెల్లవాళ్ళు వాళ్ళొక్కరే.

దీన్నంతటినీ చూశాక నాకొక సూత్రం దొరికింది. భాష నేర్చుకునే చోట ఎవరో ఒకరు నవ్వులపాలవ్వాలి. అది తప్పదు. ఎవరి వంతు అన్నదే ఆయా కాలాన్నిబట్టి మారుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వంతు దొరలది. వాళ్ళు తెలుగు మాట్లాడారు, మనం నవ్వాం. ఇరవయ్యో శతాబ్దంలో వంతు మనకొచ్చింది.

నా చదువు కూడా మిషన్ బళ్ళోనే సాగింది. అప్పటికి దొరలు చాలామటుకు వెళ్ళిపోయారు. వాళ్ళ ఫోటోలు, వేపచెట్లు, వాళ్ళు వాడిన ఎత్తు కుర్చీ మిగిలాయి. ఇంగ్లిషు పాఠం పూర్తిగా తెలుగులో జరిగేది. యాక్టివ్ వాయిసూ ప్యాసివ్ వాయిసూ అంటే ఆంధ్రదేశమంతటా రాముడు రావణాసురుణ్ణి చంపుతాడు, రావణాసురుడు రాముడి చేత చంపబడతాడు. మాది మిషన్ బడి కాబట్టి ఒక హెడ్మాస్టరు దాన్ని మార్చి, దావీదు గొల్యాతును చంపెను అని పెట్టాడు. పరీక్షలో మావాళ్ళు సగంమంది దావీదు చేత రావణుణ్ణి చంపించారు. దిద్దినాయన వాయిస్ సరిగ్గా ఉందని మార్కులు వేశాడు. ఏ వాయిసైనా పేపరు మీదే. గొంతులోంచి వచ్చేది కాదు. ఒకసారి ఎవడో ధైర్యం చేసి లేచి ఇంగ్లిషులో ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో క్రియ దొరక్క నిలబడిపోతే, క్లాసంతా నవ్వింది, అయ్యవారూ నవ్వాడు. వాడు ఇప్పుడు కావలిలో ఎరువుల కొట్టు పెట్టుకుని బాగానే బతుకుతున్నాడు గానీ, బ్యాంకులో ఇంగ్లిషు ఫారం చూస్తే ఈ రోజుకీ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంటాడు.

ఇలా నోళ్ళు బిగుసుకుపోయిన చోటికి మా వాలంటీర్లు వచ్చారు. వాళ్ళలో తెగలున్నాయి. టెక్సాస్ తాత రిటైరై, ఇంట్లో కూర్చోలేక వచ్చాడు. అరుగు మీద కూర్చుని పిల్లలకు కథలు చెప్తాడు, పిల్లలు కథ అర్థంకాకపోయినా ఆయన టోపీ కోసం వింటారు. ఇంకో రకం, ఇంగ్లిషు ఎలా నేర్పాలో చెప్పే 120 గంటల టెఫెల్ కోర్సు చేసి సర్టిఫికెట్‌తో దిగేవాళ్ళు. వీళ్ళ దగ్గర పాఠ్యప్రణాళిక నిమిషాలవారీగా ఉంటుంది. ఒకావిడ మొదటి రోజు పాఠం మంచు మీద పెట్టింది. మంచు పడితే ఏం తొడుక్కుంటాం, మంచుబొమ్మకు ముక్కు ఏ కూరగాయతో పెడతాం. బయట పిల్లల చెప్పులు ఇసకలో కాలుతున్నాయి. రెండో రోజు సూపర్ మార్కెట్లో చేపలు కొనడం. చేపలు ప్లాస్టిక్ డబ్బాలో, ముక్కలుగా, తల లేకుండా దొరుకుతాయని ఆవిడ బొమ్మ చూపిస్తే, పట్టపుపాళెం పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తల లేని చేపను కొనేవాడు పిచ్చోడైనా అయ్యుండాలి, నెల్లూరు జిల్లావాడైనా కాకపోయుండాలి. పులుసులో తలకాయ కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు మా దగ్గర ఉన్నాయి.

ఏ పాఠం చెప్పినా జవాబు ఒకటే. "డూ యూ అండర్‌స్టాండ్?" "యెస్ మేడమ్!" తరగతి మొత్తం ఒకే గొంతు. "ఎనీ క్వశ్చన్స్?" "యెస్ మేడమ్!" "వాట్ ఈజ్ యువర్ క్వశ్చన్?" "యెస్ మేడమ్!" ఆమె చాలా సంతోషించేది. తన దేశంలో ఇంత మర్యాదగల పిల్లలు లేరని ఇంటికి రాసుకునేది. తప్పు చెప్పినా నవ్వేది కాదు, "గుడ్ జాబ్" అనేది. చెప్పకపోయినా "గుడ్ ట్రై" అనేది. మెరిసే నక్షత్రం స్టిక్కరు నుదుటి మీద అంటించేది. ఒంటరి చుక్కతో మొదలైన మిషన్లో ఇప్పుడు ప్రతి నుదుటా ఒక చుక్క.

ఆ స్టిక్కర్లతో మా బళ్ళో కొత్త ఆర్థిక వ్యవస్థ పుట్టింది. మొదట్లో ఒక స్టిక్కరుకు రెండు గోలీలు వచ్చేవి. మేడమ్ దయ పెరిగేకొద్దీ విలువ పడిపోయింది. చివరికి గోలీ ఒకటికి స్టిక్కర్లు గుప్పెడు ఇవ్వాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు ముందే పసిగట్టి తన స్టిక్కర్లన్నీ మంచి ధర ఉన్నప్పుడే అమ్మేసి, నిమ్మకాయ సోడా తాగాడు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల లీజు వ్యాపారి. టైగర్ రొయ్య కూలిపోయేముందు బయటపడి, వనామీ రాగానే మళ్ళీ దిగినవాడు. ఇంగ్లిషు ఒక్క ముక్క రాకపోయినా ఆ కుర్రాడు ఆ ఏడు నేర్చుకున్నది తక్కువేం కాదు.

యాసల సంగతి వేరే. ఒక చలికాలం టెక్సాస్ తాత వల్ల పిల్లలు నీళ్ళను 'వాడర్' అన్నారు. మరుసటి చలికాలం వచ్చిన స్కాట్లండ్ ఆవిడ ర అక్షరాన్ని మనకంటే గట్టిగా పలకడంతో బళ్ళో అందరూ ఆవిడ మనిషే అని తేల్చారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా పిల్ల వచ్చి 'టుడే'ను 'టుడై' చేసింది. ఈ రోజు ఎందుకు చావాలో తెలియక ఆరో తరగతిలో ఒక ఆడపిల్ల ఏడ్చేసింది. మధ్యలో తనిఖీకి వచ్చిన అధికారి ఒకే తరగతిలో మూడు ఖండాలు విని, రిజిస్టర్లో 'భాషా నైపుణ్యం వైవిధ్యభరితం' అని రాసి, టీ తాగి వెళ్ళాడు.

అందరికంటే ఎక్కువ బాధపడింది మా ఊరి బీఎడ్ కుర్రాడు. 2018 తర్వాత డీఎస్సీ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి, 2025లో 16,347 పోస్టులకు పరీక్ష జరిగేదాకా ట్యూషన్లతో నెట్టుకొచ్చినవాడు. వాలంటీర్లలో కొందరు పాఠం చెప్పే అవకాశం కోసం మధ్యవర్తి సంస్థలకు ఫీజు కట్టి మరీ వస్తారని విని నోరు తెరిచాడు. "నాకు పాఠం చెప్పేదానికి జీతం ఇమ్మంటే ఎవురూ ఇయ్యరు. వాళ్ళు పాఠం చెప్పేదానికి ఎదురు డబ్బు కడతారా సార్? ఇదెక్కడి డీఎస్సీ?" దానికి నేను చెప్పిన జవాబు వాడికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

ఇంత చేసినా పిల్లల నోళ్ళు మాత్రం తెరుచుకోలేదు. మర్యాద ఎక్కువైంది గానీ మాట రాలేదు. నవ్వు లేని తరగతిలో అందరూ క్షేమంగా ఉన్నారు, ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. నవ్వులపాలయ్యే వంతు ఎవరూ తీసుకోలేదు మరి.

ఆ వంతును తెలియకుండానే తీసుకున్నది ఆస్ట్రేలియా పిల్ల. ఆమెకు తెలుగు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. తెలుగు అయ్యవారిని నేనుండగా, నన్ను వదిలేసి ఆరో తరగతి మగపిల్లల దగ్గర శిష్యరికం చేసింది. విరామంలో వాళ్ళు ఒకర్నొకరు ఎలా పిలుచుకుంటారో అదంతా చక్కగా నోటుబుక్కులో రాసుకుంది, బట్టీ పట్టింది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ కరస్పాండెంటు ఎవరో దాతల్ని వెంటబెట్టుకుని బడి చూపిస్తూ వస్తున్నాడు. ఈ పిల్ల వరండాలోంచి చెయ్యి ఊపి, మహా ప్రేమగా, బడంతా వినబడేట్టు కేకేసింది. "ఒరేయ్ సారూ! యాడికిరా పోతుండావు? బిన్నా రారా, అన్నం తిందువుగాని!"

క్షణం సేపు సముద్రం కూడా చప్పుడు మానేసింది. తర్వాత ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా, వంటామె నుంచి వాచ్‌మన్ దాకా, ఒక్కపెట్టున నవ్వారు. దాతలు నవ్వారు. కరస్పాండెంటు నవ్వకుండా ఉండటానికి చేసిన ప్రయత్నంలో దగ్గు వచ్చింది. ఆ పిల్లకు ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పడానికి ఎనిమిదో తరగతి స్టిక్కర్ల వ్యాపారి ముందుకొచ్చాడు. వాడు తెలుగులో చెప్తే ఆమెకు తెలియదు. కాబట్టి ఇంగ్లిషులో మొదలుపెట్టాడు. "మేడమ్, యూ నో టెల్ రా. రా ఈజ్ ఫ్రెండ్. సార్ నాట్ ఫ్రెండ్. సార్ ఈజ్ గారు." వ్యాకరణం గుండెపోటుతో పోయింది గానీ, మా బళ్ళో పుస్తకంలో లేని ఇంగ్లిషు వాక్యం ఒక పిల్లవాడి గొంతులోంచి వచ్చింది. అదీ అవసరం పడి వచ్చింది. పక్కవాడు వాడిని సరిదిద్దాడు. వాడినింకొకడు దిద్దాడు. నీకేం తెలుసంటే నీకేం తెలుసని ఇంగ్లిషులోనే కొట్లాట మొదలైంది. ఆ గొడవకు జ్వరంతో ఇంట్లో ఉండాల్సిన ఇంగ్లిషు మాస్టారు స్టాఫ్ రూములోంచి బయటికి వచ్చి, "షి షుడ్ నాట్ అడ్రస్" అని తీర్పు చెప్పాడు. ఆయన పిల్లల ముందు ఇంగ్లిషులో మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. నవ్వే కోటా అప్పటికే అయిపోయింది.

ఆ రోజు నుంచి బేరం కుదిరింది. ఆమె రోజూ కాస్త తెలుగు తప్పుగా మాట్లాడేది, పిల్లలు కడుపుబ్బ నవ్వి, ఇంగ్లిషులో దిద్దేవాళ్ళు. చేపలమ్మే అవ్వ దగ్గరకు తీసుకుపోయి చందువ, వంజరం, పండుగొప్ప, కానాగంత అని పలికించేవాళ్ళు. ఒక్కో పేరుకూ అవ్వ పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వినందుకు ధర తగ్గించేది. మంచుబొమ్మ పాఠం అటకెక్కింది. 'యెస్ మేడమ్' స్థానంలో 'నో మేడమ్, రాంగ్ మేడమ్' వచ్చింది. మేడమ్ తప్పు చెప్పిందని చెప్పగలిగినవాడికి ఇంగ్లిషులో ఇక భయపడాల్సింది పెద్దగా ఏముంటుంది?

నెలలో భాష వచ్చేస్తుందని నేననను. ఆమె విమానం ఎక్కిన తర్వాత సిలబస్ ఎక్కడ వదిలామో అక్కడే ఉంది. దాన్ని లాగినవాడు మా మాస్టారే. పబ్లిక్ పరీక్షలో పండుగొప్ప మీద ప్రశ్న రాలేదు. ఏడాదంతా బడిని మోసేది ఊళ్ళో ఉండే పంతులే. వాలంటీరు ఏం ఇచ్చినా ఆ పంతులు దాన్ని పట్టుకుని సాగిస్తేనే నిలుస్తుంది, లేకపోతే చలికాలంతో పాటు పోతుంది.

అసలు తెల్లమనిషి లేకపోయినా ఈ పని జరుగుతుందనడానికి సాక్ష్యం కాకినాడ జిల్లా బెండపూడి. ఆ జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు 2022లో అమెరికా యాసలో గడగడ మాట్లాడుతుంటే రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది, ముఖ్యమంత్రి పిలిపించుకుని విన్నాడు. నేర్పింది ఆ బళ్ళో పాఠం చెప్పే మన ఇంగ్లిషు మాస్టారే. కొందరు ఆ యాసను వెక్కిరించారు, పిల్లలు పట్టించుకోకుండా మాట్లాడుతూ పోయారు. అక్కడే ఉంది కిటుకు. మరుసటి ఏడు మన ప్రభుత్వ బళ్ళకు టోఫెల్ వచ్చింది. అమెరికా పరీక్ష సంస్థతో ఒప్పందం, మూడో తరగతి నుంచి పరీక్ష. మా పక్క ఊళ్ళో ఒక అవ్వ, తన మనవడు ఆ పరీక్ష రాసి వచ్చాడని తెలిసి, "అయితే వీసా ఎప్పుడు?" అని అడిగింది. టోఫెల్ రాసి వీసా రానివాడిని ఆమె అంతవరకు చూడలేదు.

ఈ మధ్య నా పాత శిష్యుడొకడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ శని, ఆదివారాల్లో తెలుగు బళ్ళు నడుస్తాయి. సిలికానాంధ్ర వాళ్ళు 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటివి చాలా ఊళ్ళకు పాకాయి. పాఠం చెప్పేవాళ్ళంతా జీతం లేని వాలంటీర్లే. మావాడూ అలాంటి ఒక తరగతికి గురువయ్యాడు. బళ్ళో ఉండగా వాడు తెలుగులో నలభై మార్కులు దాటిన పాపాన పోలేదు. దూరదేశంలో మనిషికి ఎన్ని హోదాలైనా వస్తాయి.

"సార్, ఏం చెప్పినా 'యెస్ అంకుల్' అంటుండారు. నోరు తెరవరు. స్టిక్కర్లు ఇచ్చినా లాభం లేదు" అని మొరపెట్టుకున్నాడు.

నా సూత్రం చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం వస్తుందా? గొంతు సవరించుకుని, డే దొర దగ్గర్నుంచి ఆస్ట్రేలియా పిల్ల దాకా చరిత్రంతా చెప్పి, "అబ్బాయ్, ముందు నువ్వు నవ్వులపాలవ్వాలిరా. సిగ్గుపడకుండా వాళ్ళ ముందు ఇంగ్లిషు మాట్లాడు. నీ యాసకు వాళ్ళు నవ్వుతారు, నిన్ను దిద్దుతారు. భయం పోతుంది. అప్పుడు మెల్లిగా తెలుగులోకి లాగు" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు.

"అది రోజూ జరుగుతానే ఉండాది సార్. నా ఇద్దరు పిల్లోళ్ళూ ఆ క్లాసులోనే ఉండారు. ఇంట్లో నేను నోరు తెరిస్తే చాలు, పడీపడీ నవ్వుతారు. అసలు వీళ్ళకు తెలుగు ఎందుకు నేర్పుతుండాననుకుంటిరి? నవ్వే వంతు నాకు మాత్రం రాబళ్ళేదా?"